ప్రవేశం దొరికాక, తరగతులు మొదలయ్యేలోపు: పీజీ, పీహెచ్‌డీ చదువుకు సిద్ధమయ్యే తీరు

ప్రవేశం ఖాయమైందని ఉత్తరం వచ్చిన రోజుకూ మొదటి తరగతికీ మధ్య సాధారణంగా కొన్ని నెలల ఎడం ఉంటుంది. కొందరు ఇక గట్టెక్కామన్న ధీమాతో ఆ నెలల్లో పుస్తకం ముట్టరు. మరికొందరు భయపడి డిగ్రీ పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెట్టి రెండో వారానికే డీలాపడతారు. నేను ఆ రెండో బాపతు. ఎనిమిది వందల పేజీల పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని నూట పది పేజీలు చదివాను. మొదటి సెమిస్టర్‌లో వాటిలో అక్కరకొచ్చినవి ఓ ఆరు పేజీలు ఉంటాయేమో. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి వేరే ఉన్నాయి. పరిశోధన పత్రం ఎలా చదవాలో తెలియదు. చదివింది ఎక్కడ దాచానో దొరకదు. గైడ్ ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచదు.

డిగ్రీ వరకు ప్రశ్న ఎవరో ఇస్తారు, జవాబు మనం రాస్తాం. పీజీలో కొంత, పీహెచ్‌డీలో పూర్తిగా, ప్రశ్నను వెతుక్కునే పని మన మీద పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో సిలబస్ గురించి తక్కువ, చదివే పద్ధతి గురించీ, రాసి దాచుకోవడం గురించీ, మనుషులతో మెలగడం గురించీ ఎక్కువ ఉంటుంది. మెట్లు వరుసగా ఇస్తున్నాను. కానీ నాలుగు, అయిదు, ఆరు కలిసే నడుస్తాయి.

1. ఉత్తరాన్ని మళ్లీ, ఈసారి పెన్సిల్‌తో చదవండి

మొదటిసారి చదివినప్పుడు "సంతోషంగా తెలియజేస్తున్నాము" దాటి ఎవరి కళ్లూ ముందుకు సాగవు. వారం గడిచాక మళ్లీ తీయండి. ప్రవేశానికి షరతులేమైనా పెట్టారా? చివరి సెమిస్టర్‌లో ఇన్ని మార్కులు రావాలనో, ఫలానా తేదీలోపు డిగ్రీ పట్టా చూపాలనో ఒక మూల రాసి ఉంటుంది. ఆర్థిక సహాయం ఇస్తామంటే ఎన్నేళ్లకు? ఏటా పునరుద్ధరిస్తారా, దేన్ని బట్టి? ట్యూషన్ ఫీజు మాఫీ అన్నప్పుడు మిగతా రుసుములు, ఆరోగ్య బీమా కూడా అందులో కలిశాయా, విడిగా కట్టాలా? స్టైపెండ్ పన్నెండు నెలలకా, తొమ్మిది నెలలకా? కొన్ని చోట్ల "విద్యాసంవత్సరం" అంటే తొమ్మిది నెలలే. ఆ సంగతి వేసవి సెలవుల్లో ఖాతా ఖాళీ అయ్యాక తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

స్పష్టంగా లేని ప్రతి అంశానికీ పక్కన ప్రశ్నార్థకం పెట్టి, అన్నిటినీ ఒకే ఈమెయిల్‌లో అంకెలు వేసి అడగండి. ఫోన్‌లో అడగవద్దు. జవాబు రాతలో ఉండటం ముఖ్యం. ఇలా అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. విభాగం కార్యాలయానికి ఇది రోజూ వచ్చే ఉత్తరమే.

మీ కోర్సు ఏ తీరుదో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అమెరికాలో పీహెచ్‌డీకి డిగ్రీ నుంచే నేరుగా చేరే వీలు చాలా విభాగాల్లో ఉంది. మొదటి ఒకటి రెండేళ్లు తరగతులు, ఆ తర్వాత అర్హత పరీక్ష, అటుపైన పూర్తిస్థాయి పరిశోధన. యూరప్‌లో చాలా దేశాల్లో మాస్టర్స్ ముగించాకే పీహెచ్‌డీ. చేరిన నాటి నుంచే పరిశోధన, గడువు మూడు నాలుగేళ్లు. బ్రిటన్‌లో తరగతులతో నడిచే మాస్టర్స్ ఎక్కువగా ఒక్క ఏడాదిలో అయిపోతుంది. ఏడాది కోర్సులో చేరేవారు "ముందు కుదురుకుందాం, తర్వాత అంశం చూసుకుందాం" అనుకోవడానికి లేదు. కుదురుకునే సరికి డిసర్టేషన్ (కోర్సు చివర సమర్పించే పరిశోధన వ్యాసం) అంశం అడుగుతారు. అమెరికా పీహెచ్‌డీలో చేరేవారికి అంత తొందర లేదు, వారికి ముందు గండం అర్హత పరీక్ష. మీ ముందున్నది ఏదన్నదాన్ని బట్టి ఈ నెలల్లో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలో నిర్ణయించుకోండి.

2. కాగితాలు

విసుగు పని, కానీ రెండు రోజుల్లో అయిపోతుంది. మార్కుల జాబితాలు, పట్టా, గుర్తింపు పత్రం, టీకాల వివరాలు, ప్రవేశపత్రం, ఆర్థిక సహాయపు ఉత్తరం అన్నిటినీ స్కాన్ చేసి ఒకే చోట పెట్టండి. అన్నిటిలో మీ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట పొడి అక్షరంగా ఉంటే దాన్ని సరిచేయించడానికి పట్టేది రోజులు కాదు, వారాలు. వేరే దేశం వెళ్లేవారు వీసాకు ఎంత సమయం పడుతుందో ఆ దేశపు అధికారిక ప్రకటనలోనే చూసుకోవాలి. మిత్రుడికి పదిరోజుల్లో వచ్చిందన్న మాట మీద టికెట్ కొనవద్దు.

3. మొదటి జీతం వచ్చేదాకా

స్టైపెండ్ చేరిన రోజునే చేతికి రాదు. బ్యాంకు ఖాతా తెరవాలి, పేరు జీతాల పట్టీలోకి ఎక్కాలి, ఆ నెల గడువు దాటితే పై నెలలో వస్తుంది. ఇంటి అద్దె, దానిపై అడ్వాన్సు మాత్రం మొదటి రోజే కట్టాలి. కనీసం రెండు నెలల ఖర్చు చేతిలో ఉండేలా చూసుకోండి. అంత సర్దుబాటు కాకపోతే, ముందస్తు చెల్లింపుకో అత్యవసర రుణానికో వీలుందా అని విశ్వవిద్యాలయాన్ని చేరకముందే అడగండి. చాలాచోట్ల అలాంటి ఏర్పాటు ఉంటుంది. అడిగినవారికే దాని సంగతి తెలుస్తుంది.

4. పునాదిలో పగుళ్లు ఎక్కడున్నాయో చూసుకోవడం

నేను పప్పులో కాలేసింది ఇక్కడే. అంతా మళ్లీ చదవాల్సిన అవసరం లేదు, పగుళ్లున్న చోట పూడిస్తే చాలు. మరి పగుళ్లెక్కడున్నాయో ఎలా తెలుస్తుంది? చదివితే తెలియదు. తెలిసిన పాఠాన్ని మళ్లీ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. పరీక్షించుకుంటేనే తెలుస్తుంది.

మొదటి సెమిస్టర్‌లో తీసుకోబోయే కోర్సుల వివరాలు విభాగం వెబ్‌సైట్‌లో ఉంటాయి. వెనుకటి ఏళ్ల మొదటి హోంవర్క్ దొరికితే అదృష్టమే. దొరకకపోతే సిలబస్‌లో పేర్కొన్న పాఠ్యపుస్తకం మొదటి రెండు అధ్యాయాల చివరి అభ్యాసాలు తీసుకోండి. రెండు గంటలు గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి చేయండి. తర్వాత ప్రతి లెక్కకూ పక్కన గుర్తు పెట్టండి: వచ్చింది, తడబడ్డాను, అసలు అర్థం కాలేదు. ఈ రెండు గంటల్లో తేలేది రెండు వారాల చదువులో కూడా తేలదు.

ఒక ఉదాహరణ. ప్రయోగాలతోనో సర్వేలతోనో పనిచేసే ఏ శాస్త్రంలో చేరుతున్నా "పి-విలువ 0.03 వచ్చింది" అన్న వాక్యం మొదటి నెలలోనే ఎదురవుతుంది. దీని అర్థమేమిటో ఒక కాగితం మీద రాయండి. "మా పరికల్పన నిజమయ్యే అవకాశం 97 శాతం" అని రాశారా? చాలామంది అదే రాస్తారు, అది తప్పు. తేడా ఏమీ లేదనే శూన్య పరికల్పనే నిజమని అనుకుంటే, ఇప్పుడు కనిపించినంత తేడా గానీ అంతకు మించిన తేడా గానీ యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత 3 శాతం. అంతే. మీ పరికల్పన ఎంత నిజమో ఆ అంకె చెప్పదు. ఈ తేడా చప్పున తట్టకపోతే సంఖ్యాశాస్త్రం మీద మూడు వారాలు వెచ్చించడం దండగ కాదు. ఇంజినీరింగ్, కంప్యూటర్ శాస్త్రం వైపు వెళ్లేవారు రేఖీయ బీజగణితాన్ని ఇలాగే పరీక్షించుకోవాలి. ఐగెన్ విలువను లెక్కగట్టడం ఎలాగూ వస్తుంది. ఆ అంకె ఏం చెబుతుందో గణితం తెలియని మనిషికి రెండు వాక్యాల్లో చెప్పగలరా అన్నది అసలు పరీక్ష.

చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వారికి పగుళ్లు వేరే చోట ఉంటాయి. మూల పత్రాలున్న భాష చదవడం వచ్చా? ఆ రంగంలో ఇప్పుడు నడుస్తున్న రెండు మూడు ముఖ్యమైన వాదాలేమిటో, ఎవరు ఎవరితో ఎందుకు విభేదిస్తున్నారో చెప్పగలరా? ఇవి రాకుండా సెమినార్‌లో కూర్చుంటే మధ్యలోంచి సినిమా చూసినట్టు ఉంటుంది.

పగుళ్లు పది తేలితే రెండే ఎంచుకోండి. మిగతావి సెమిస్టర్‌లో అవసరం వచ్చినప్పుడు పూడ్చుకోవచ్చు.

5. పరిశోధన పత్రం చదవడం నేర్చుకోండి

ఈ మొత్తం సన్నాహంలో ఒకే ఒక పనికి సమయం ఉందంటే దీనికే ఇవ్వమంటాను. పాఠ్యపుస్తకం విద్యార్థి కోసం రాసింది. పరిశోధన పత్రం అదే పని చేస్తున్న తోటి పరిశోధకుల కోసం రాసింది. దాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నవలలా చదవబోతే రెండో పేజీలో ఇరుక్కుపోతారు. నేను చదివిన మొదటి పత్రం పన్నెండు పేజీలు, నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ఒక సీనియర్ అందులో ఏముందని అడిగితే చెప్పలేకపోయాను.

కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పరిశోధకుడు ఎస్. కేశవ్ 2007లో రాసిన ఒక చిన్న వ్యాసంలో మూడు విడతల పద్ధతి చెప్పారు. ఏ రంగానికైనా కొద్దిపాటి మార్పులతో పనికొస్తుంది. మొదటి విడత అయిదు నుంచి పది నిమిషాలు: శీర్షిక, సారాంశం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు, చివర ఉన్న ఉటంకింపుల జాబితాపై ఒక చూపు. ఇది ముగిసేసరికి ఈ పత్రం ఎలాంటిది, దేనికి కొనసాగింపు, చేసిందేమిటి అన్నది చెప్పగలగాలి. ఎక్కువ పత్రాలను ఇక్కడే పక్కన పెట్టేస్తారు, అందులో తప్పేమీ లేదు. రెండో విడత ఒక గంట వరకు: పటాలు, పట్టికలు శ్రద్ధగా చూస్తూ, నిరూపణల లోతుల్లోకి పోకుండా చదవడం. పటంలో అక్షాలకు పేర్లున్నాయా, దోష పరిమితులు (కొలతలో ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చూపే గీతలు) చూపారా అన్నవి ఇక్కడ గమనించాలి. మూడో విడతలో రచయితలు పెట్టుకున్న ఊహలనే మీరూ పెట్టుకుని, ఆ పనిని మనసులో మళ్లీ నిర్మించాలి. కొత్తవారికి దీనికి నాలుగైదు గంటలు పడుతుందని ఆయనే అన్నారు. నెలకు రెండు మూడు పత్రాలకు మించి మూడో విడతకు వెళ్లవద్దు.

పుస్తకాలు ఎక్కువగా చదివే రంగాల్లో ఇదే పని ఇంకోలా సాగుతుంది. ముందుమాట, చివరి అధ్యాయం, పదసూచిక, పాదసూచికలు ముందు చూడండి. పాదసూచికల్లో రచయిత ఎవరి మీద ఆధారపడుతున్నారో, ఎవరిని పేరెత్తకుండా దాటేస్తున్నారో తెలిసిపోతుంది. అదొక సరదా కూడా.

ఏ పత్రాలు చదవాలి? మీ రంగంలో ఈమధ్య వచ్చిన సమీక్షా వ్యాసం ఒకటి పట్టుకోండి. అందులో పదేపదే ఎదురయ్యే పేర్లు అయిదారు ఉంటాయి. వాటిని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. తర్వాత గూగుల్ స్కాలర్‌లో ఒక్కో పత్రం కింద ఉండే లంకెతో, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉటంకించారో చూసి ముందుకు రండి. వెనక్కి ఒక అడుగు, ముందుకు ఒక అడుగు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ శాస్త్రాల్లో చాలా పత్రాలు 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండారంలో ఉచితంగా దొరుకుతాయి. అయితే అక్కడ పెట్టేముందు తోటి నిపుణుల సమీక్ష జరగదు, ఆ సంగతి గుర్తుంచుకుని చదవాలి.

చదివిన ప్రతి పత్రానికీ అర పేజీ మించకుండా నోట్ రాయండి. నా నోట్‌లో అయిదే వరుసలు ఉంటాయి. వీరు అడిగిన ప్రశ్న ఏమిటి. ఎలా వెతికారు. ఏ ఆధారంతో జవాబు చెప్పారు. నాకు నమ్మకం కుదరని చోటు ఏది. దీని తర్వాత ఏం చదవాలి. నాలుగో వరుసలో మొదట్లో ఏమీ రాయలేకపోయేవాణ్ని, అచ్చయ్యింది కదా, సరిగ్గానే ఉంటుందనిపించేది. ఏడో పత్రమో ఎనిమిదో పత్రమో చదువుతుంటే ఒక పటంలో నిలువు అక్షం సున్నా దగ్గర కాకుండా డెబ్బై దగ్గర మొదలైనట్టు కనిపించింది. కొండంత తేడాలా కనిపించింది నిజానికి గోరంతే. ఆ రోజు నాలుగో వరుస మొదటిసారి నిండింది.

సారాంశాన్ని నకలు చేసి అతికించడం నోట్ రాయడం కాదు. సారాంశం ఎలాగూ పత్రంలోనే ఉంది. మీ మాటల్లో తప్పుగా రాసినా ఫరవాలేదు, తప్పు ఎక్కడో తర్వాత మీకే దొరుకుతుంది.

వారానికి రెండు పత్రాల చొప్పున చదివినా మూడు నెలల్లో ఇరవై నాలుగు నోట్లు తయారవుతాయి. సగం అర్థం కావు. మార్టిన్ ష్వార్జ్ అనే జీవశాస్త్రవేత్త 2008లో ఒక పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో ఒక సంగతి చెప్పారు. తనతోపాటు పీహెచ్‌డీలో ఉన్న ప్రతిభావంతురాలైన మిత్రురాలు మధ్యలో మానేసింది. ఎందుకని ఏళ్ల తర్వాత అడిగితే, రోజూ తనకేమీ తెలియదని అనిపించేదని చెప్పింది. ఆయనకూ రోజూ అలాగే అనిపించేది, కానీ అది ఈ పనిలో భాగమేనని అనుకుని కొనసాగారు. కాబట్టి నోట్‌పుస్తకం చివరి పేజీల్లో "తెలియనివి" అని ఒక జాబితా మొదలుపెట్టండి. దాని పొడవు చూసి బెంబేలు పడవద్దు.

6. దాచుకునే పద్ధతి, పనిముట్లు

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ తన నోట్లన్నీ చిన్న కాగితపు చీటీల మీద రాసి, ప్రతి చీటీకీ ఒక సంఖ్య వేసి, ఒకదాని నుంచి మరొకదానికి దారి చూపేలా పెట్టెల్లో అమర్చుకున్నాడు. జీవితకాలంలో అవి దాదాపు 90,000 అయ్యాయి. ఆ పద్ధతిని కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు డజన్ల కొద్దీ ఉన్నాయి, వాటిలో ఏది మంచిదో తేల్చుకోవడంలోనే నెలలు గడిపే విద్యార్థులూ ఉన్నారు. ఏదో ఒకటి పట్టుకోండి. వెతికితే దొరకాలి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకునే సాదా ఫైళ్లుగా బయటికి తీసుకోగలగాలి. అంతకుమించి ఏమీ చూడనక్కర్లేదు.

ఉటంకింపులను నిర్వహించే సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి పత్రం నుంచే వాడండి. జొటేరో ఉచితం, 2006 నుంచి ఉంది. పత్రం దించుకున్న క్షణంలోనే రచయితలు, సంవత్సరం, పత్రిక పేరు దానిలోకి చేరిపోతాయి. థీసిస్ చివర మూడు వందల ఉటంకింపులను చేత్తో టైప్ చేసినవారి ముఖాలు నేను చూశాను.

ఫైళ్ల పేర్ల ముందు తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టండి: 2026-03-09 అన్నట్టు. అప్పుడు కంప్యూటర్ వాటిని దానంతటదే కాలక్రమంలో పేర్చుతుంది. "చివరిది", "నిజంగా చివరిది", "ఇదే చివరిది 2" అన్న పేర్లతో నా దగ్గర ఒకప్పుడు ఏడు ఫైళ్లు ఉండేవి. వాటిలో గైడ్‌కు పంపింది ఏదో ఇప్పటికీ చెప్పలేను.

ఇక నకళ్లు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. నా ల్యాప్‌టాప్ ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోయి మూడు వారాల పని దానితోపాటు పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మర్నాడే బయటి డ్రైవ్ కొన్నాను. నకలు తీసే పనిని యంత్రానికే అప్పగించండి, మనిషి జ్ఞాపకం మీద వదలవద్దు. నెలకోసారి ఒక ఫైలును నకలు నుంచి తిరిగి తెరిచి చూడండి కూడా.

గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రాల వారు సమీకరణాలున్న పత్రాలను తీర్చిదిద్దే లేటెక్ (LaTeX) నేర్చుకోక తప్పదు. ఒక సమీకరణం, ఒక పట్టిక, అయిదు ఉటంకింపులు ఉన్న రెండు పేజీల వ్యాసం ఒకటి దానిలో తయారుచేస్తే మొదటి సెమిస్టర్‌కు సరిపడా వచ్చినట్టే. కోడ్ రాసేవారు, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసి ఉంచే గిట్ (Git) వాడకాన్ని మూడు రోజులు సాధన చేయాలి. మిగతా రంగాల వారు తమ విభాగంలో ఏది వాడుతున్నారో అడిగి అదే నేర్చుకుంటే మంచిది. పక్కవారికి తెలిసిన పనిముట్టయితే, చిక్కుకుపోయినప్పుడు పక్కకు తిరిగి అడగవచ్చు.

7. గైడ్

మంచి అంశం, చెడ్డ గైడ్ దొరికినవారి కన్నా, ఓ మోస్తరు అంశం, మంచి గైడ్ దొరికినవారే ఎక్కువగా పూర్తిచేయడం చూశాను. అందుకే ఎంపికకు ఇంకా అవకాశం ఉంటే తొందరపడవద్దు. కొన్ని విభాగాల్లో, ముఖ్యంగా జీవశాస్త్రాల్లో, మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి తర్వాత ఎంచుకునే పద్ధతి ఉంది. మీకు ఆ వీలుంటే పూర్తిగా వాడుకోండి.

పేరున్న ఆచార్యుడా కాదా అన్నది అందరూ చూస్తారు. ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్నవారితో మాట్లాడేది కొందరే. ఈ ప్రశ్నలు రాతలో కాకుండా ఎదురుగానో ఫోన్‌లోనో అడగాలి. రాతలో ఎవరూ నిజం రాయరు. ముసాయిదా ఇస్తే చదివి ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు? విద్యార్థులు పూర్తిచేయడానికి ఎన్నేళ్లు పడుతోంది? మధ్యలో వదిలివెళ్లినవారు ఉన్నారా, ఎందుకు? పత్రంపై పేర్ల వరుసను ఎప్పుడు, ఎలా నిర్ణయిస్తారు? సెలవు అడిగితే ఏమంటారు? జవాబుకు ముందు ఉండే నిశ్శబ్దాన్ని కూడా గమనించండి.

గైడ్ ఇప్పటికే ఖాయమైతే, చేరడానికి ఒకటి రెండు నెలల ముందు ఒక చిన్న ఉత్తరం రాయండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం. సెప్టెంబర్‌లో మీ బృందంలో చేరుతున్నాను. మీరు ఇటీవల ప్రచురించిన రెండు పత్రాలు చదివాను. రెండోదానిలో నమూనాలను ఎంపిక చేసిన విధానం గురించి ఒక సందేహం ఉంది, వచ్చాక అడుగుతాను. అంతలోపు నేను చదవాల్సినవి గానీ నేర్చుకోవాల్సిన పద్ధతులు గానీ ఉంటే ఒకటి రెండు సూచించగలరా?"

అంతకన్నా పొడవు వద్దు. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. సెలవుల్లో జవాబు రాకపోవడాన్ని మనసులో పెట్టుకోనక్కర్లేదు.

మొదటి సమావేశానికి నేను చదివిందంతా పద్నాలుగు స్లైడ్‌లలో పేర్చుకుని వెళ్లాను. మూడో స్లైడ్ దగ్గర ఆయన చెయ్యి ఎత్తి, "ఇవన్నీ నేనూ చదివాను. వీటిలో మీకు నమ్మకం కలగనిది ఏది?" అన్నారు. నీళ్లు నమిలాను. పత్రాల నోట్‌లో నాలుగో వరుస పుట్టింది ఆ తర్వాతే. మీరు ఒకే పేజీతో వెళ్లండి: చేసింది రెండు వాక్యాలు, చిక్కుకున్న చోటు ఒకటి, అడగదలచినవి మూడు. బయటికి వచ్చాక అదే రోజు, "మనం ఇలా అనుకున్నాం, వచ్చే వారానికి నేను ఇది చేస్తాను" అని నాలుగు వరుసల ఈమెయిల్ పంపండి. ఆరు నెలల తర్వాత "నేను అలా చెప్పలేదే" అన్న మాట వచ్చినప్పుడు ఆ నాలుగు వరుసలే మిమ్మల్ని కాపాడతాయి.

మొదటి నెలలోనే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్నాళ్లకోసారి కలవాలి, సందేహం వస్తే తలుపు తట్టవచ్చా లేక రాసి అడగాలా, రోజూ ల్యాబుకు రావాలా, సెలవు ఎంత ముందుగా చెప్పాలి. వీటిని అడగడం మర్యాద తక్కువ పని కాదు. అడగకుండా ఊహించుకోవడమే తర్వాత తగువులకు దారితీస్తుంది.

8. మిగతా మనుషులు

విభాగం కార్యాలయంలో ఫారాలు చూసే ఉద్యోగికి ఆచార్యులందరికన్నా ఎక్కువ నియమాలు తెలుసు. పేరు తెలుసుకుని గౌరవంగా పలకరించండి. గ్రంథాలయంలో మీ సబ్జెక్టుకు ప్రత్యేకంగా గ్రంథాలయాధికారి ఉంటే మొదటి వారంలోనే అరగంట అడిగి తీసుకోండి. నేను మూడు నెలలు వెతికిన పాత నివేదికల సంపుటం ఒకావిడ నాలుగు నిమిషాల్లో తీసి ఇచ్చారు. ఇక సీనియర్లు. రెండేళ్లు ముందున్నవారి సలహా పదేళ్లు ముందున్నవారి సలహా కన్నా పనికొస్తుంది, ఎందుకంటే వారికి నొప్పి ఇంకా గుర్తుంది.

9. పాఠం చెప్పే బాధ్యత ఉంటే

టీచింగ్ అసిస్టెంట్‌గా చేరుతున్నవారికి ఎక్కువ సమయం తినేది పాఠం కాదు, జవాబు పత్రాలు దిద్దడం. ముందు ప్రతి ప్రశ్నకూ మీరే జవాబు రాసి, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో పక్కన రాసుకోండి. తర్వాత అందరివీ మొదటి ప్రశ్న దిద్ది, అప్పుడు అందరివీ రెండో ప్రశ్నకు వెళ్లండి. ఒక్కొక్కరి పత్రం మొత్తం దిద్దుకుంటూ పోతే నలభయ్యో పత్రం దగ్గరకు వచ్చేసరికి మీ కొలత మారిపోతుంది. ఈ పనికి ఒప్పందంలో వారానికి ఎన్ని గంటలు రాశారో అంతే గడియారం పెట్టుకోండి. దాటుతుంటే రెండో వారంలోనే కోర్సు ఆచార్యుడికి చెప్పండి.

10. రోజు, వారం, ఒళ్లు

యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1,500 నుంచి 1,800 గంటలు, పూర్తికాలపు ఉద్యోగం ఎంతో అంత. వేరే పద్ధతుల్లోనూ లెక్క ఇంచుమించు ఇలాగే తేలుతుంది. తరగతులు వారానికి పన్నెండు గంటలే కదా అని టైంటేబుల్ చూసి మురిసిపోయేవారికి ఈ అంకె చూపించాలి. మిగతా గంటలకు గంట కొట్టేవారెవరూ ఉండరు, అదే అసలు చిక్కు.

చేరడానికి ఆరు వారాల ముందు నుంచి రోజూ ఒకే సమయంలో రెండు గంటలు, ఫోన్ వేరే గదిలో పెట్టి, చదవడమో రాయడమో చేయండి. ఆ రెండు గంటల్లో ఎంత సాధించారన్నది ముఖ్యం కాదు, కుర్చీలో కూర్చున్నారా లేదా అన్నదే. కళ్ల పరీక్ష, పంటి చికిత్స లాంటివి ఈ నెలల్లోనే ముగించండి. సెమిస్టర్ మధ్యలో పంటి నొప్పి వస్తే ఒక వారం పోతుంది. మానసిక ఆరోగ్యానికి విశ్వవిద్యాలయంలో ఏ సేవలున్నాయో, వాటికి ఎలా వెళ్లాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అవసరం పడిన రోజు వెతికే ఓపిక ఉండదు.

చివరి పది రోజులు ఏమీ చదవవద్దు. ఇది నా పట్టుదల. అలసిపోయి చేరినవాడు నవంబర్‌కల్లా కూలబడతాడు.

11. మొదటి పక్షం

తరగతులకు రెండు రోజుల ముందు వెళ్లి, బస నుంచి తరగతి గదికి, అక్కడి నుంచి గ్రంథాలయానికి నడిచి చూడండి. భవనాలకు రెండేసి పేర్లుంటాయి, టైంటేబుల్‌లో ఉన్న పేరు గోడ మీద ఉండదు.

మొదటి వారంలో, నియమాలు ఒప్పుకుంటే, కావలసినదానికన్నా ఒక కోర్సు ఎక్కువ నమోదు చేసుకుని అన్నిటికీ వెళ్లి కూర్చోండి. సిలబస్ కాగితం ఒకటి, తరగతిలో ఆ మనిషి ప్రశ్నలకు జవాబిచ్చే తీరు మరొకటి. ప్రతి కోర్సులోనూ హోంవర్క్‌లో కలిసి పనిచేయవచ్చా, ఎంతవరకు, కృత్రిమ మేధ సాధనాలు వాడవచ్చా, వాడితే ఎలా చెప్పాలి అన్నది విడివిడిగా అడగండి. ఒకరు అనుమతించింది పక్క గదిలో మరొకరికి నేరమవుతుంది. గ్రంథచౌర్యం నియమాలు కూడా అదే రోజు చదవండి. మీరు రాసిన పాత వ్యాసాన్నే మళ్లీ సమర్పించడం కూడా చాలాచోట్ల దాని కిందకే వస్తుంది.

విభాగంలో వారం వారం జరిగే సెమినార్‌కు అర్థం కాకపోయినా వెళ్లండి. మొదటి పది నిమిషాలు, చివర జరిగే ప్రశ్నోత్తరాలు శ్రద్ధగా వినండి, మధ్యలో దారి తప్పడం ఆచార్యులకూ జరుగుతుంది. బయటికి వచ్చేలోపు ఒక ప్రశ్న నోట్‌పుస్తకంలో రాయండి. పైకి అడగనక్కర్లేదు.

ఎక్కువైన కోర్సును జరిమానా లేకుండా, మార్కుల జాబితాలో మరక పడకుండా వదులుకోవడానికి ఒక గడువు తేదీ ఉంటుంది. అది సాధారణంగా విద్యాసంవత్సర క్యాలెండర్‌లో ఏ అడుగునో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ తేదీకి మూడు రోజుల ముందు గడిలో ఇప్పుడే రాసిపెట్టుకోండి: ఏ కోర్సు వదలాలి?